చేతకానిది ముందు

జనగామలో నాతో గది పంచుకున్న కాంపౌండరన్న, సెలవు రోజుల్లో మందుల డబ్బాల అట్టలు కత్తిరించి ఒక ఆట తయారుచేసేవాడు. ఒక్కో అట్ట మీద ఒక్కో మనిషి: వేటగాడు, మంత్రసాని, పడవవాడు. ఎవరికి ఏ అట్ట వస్తే ఆ మనిషిగా గవ్వలు వేస్తూ అడవి దాటి రాక్షసుడి కోట చేరాలి.

ఏ మనిషికైనా చేతకానిదే ముందు రాసేవాడు. "బలం ఎవడన్న రాస్తడు" అనేవాడు.

ఒకసారి నాకు పడవవాడు వచ్చాడు. ఎవరినైనా గోదావరి దాటిస్తాడు కానీ, తాను ఆవలి ఒడ్డున దిగలేడు.

"ఒక్కసారి దిగనియ్యన్నా" అన్నాను.

"నువ్వు దిగితె వెనకున్నోళ్లను ఎవరు తెస్తరు?" అన్నాడు, చెరిపే రబ్బరు ముట్టకుండానే.

టీబీతో అతను పోయాక, సామాను తీసుకుపోవడానికి వాళ్ల అక్క వచ్చింది. అట్టల పెట్టె అడుగున 'కాంపౌండర్' అని ఒకటి దొరికింది. చేతకానివి అంచుల దాకా రాసుకున్నాడు. బలం దగ్గర ఖాళీగా ఉంది.

"నువ్వు రాయి తమ్మీ. ఐదేండ్లు ఒక్క గదిల ఉన్నరు గద" అంది అక్క.

ఆమె పరుపు చుట్టి తాడు కట్టేదాకా పెన్సిలు పట్టుకునే కూర్చున్నాను. ఒక్క మాటా రాయలేకపోయాను.