ఆ రెండోది

భిలాయ్‌లో నేను పనిచేసిన చిన్న ప్రైవేటు ఫ్యాక్టరీలో మా మేనేజరు ఏ వస్తువునూ పేరుపెట్టి పిలిచేవారు కాదు. ‘అదే’, ‘ఆ పక్కది’, ‘మొన్నటిది’ అంటూనే వర్క్‌షాపంతా నడిపేవారు. ఏదండీ అని అడిగితే, “ఇన్నేళ్ళ సర్వీసు, ఇంకా విడమర్చి చెప్పాలేటి?” అని అందరి ముందూ కడిగేసేవారు. అందుకని తలలూపేసి, బయటికొచ్చాక ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్ళం.

ఒకరోజు ఆయన పక్క ఊరు దుర్గ్ నుంచి ఫోన్ చేసి, “ఆ రెండోది ఆపెయ్” అన్నారు. ఫోనెత్తిన ఆపరేటరమ్మ, క్యాంప్ వన్ బస్తీ నుంచి వచ్చేది, రెండో పంపు ఆపింది. ఆయన ఉద్దేశం రెండో ఫ్యానట. చల్లబరిచే నీళ్ళందక మిషను కాస్తా కాలిపోయింది.

విచారణలో ఆయన తొణక్కుండా, “నేను క్లియర్‌గానే చెప్పాను. ఈవిడకే బుర్ర లేదు” అన్నారు. ఆమె ఉద్యోగం పోయేలా ఉంది. ఆమె లేచి నిలబడింది.

“సార్, మీరు ఏటి ఆపమన్నారో ఇక్కడ ఓపాలి చెప్పండి.”

“అరే, అదేనమ్మా, ఆ పక్కది!” అని మండిపడ్డారాయన.

ఆమె ఉద్యోగం నిలిచింది. ఆయన్ని మాత్రం షాపు నుంచి తప్పించి, కొత్తగా చేరిన సూపర్‌వైజర్లకు, పని ఎలా విడమర్చి చెప్పాలో నేర్పే పెద్ద పోస్టులో కూర్చోబెట్టారు.