ఎటు పోయినా ఏడే

మా బడి గోడ అవతల మిర్చి కల్లం ఉంది. మొన్న మార్చిలో అక్కడ కాయ ఆరబోసిన అక్క కౌలు రైతు. ఏడాది కష్టమంతా నేలమీదే పరిచి ఉంది. మూడో తరగతికి ఒక లెక్క చూపించాలి, గంటసేపు కల్లంలో తిరగనివ్వమని అడిగాను.

"ఎండిన కాయ టీచర్ గారూ, తొక్కితే విరిగి గింజ రాలిద్ది. మళ్ళ మధ్య దార్లోనే నడవాల" అంది.

"మా పిల్లలు తొక్కరు, పూచీ నాది" అన్నాను కాస్త గట్టిగానే. నాకెవరైనా షరతు పెడితే ఒళ్ళు మండుతుంది.

నిజానికి నాకు కావలసింది ఆ దారులే. కాయని నలుచదరం మళ్ళుగా పరిచారు, మధ్య అడుగు వెడల్పు సందులు. ఈ మూల నుంచి అదిగో ఆ నీళ్ళ డ్రమ్ము దాకా వెళ్ళండి, ఎన్ని మళ్ళ పక్కనుంచి వెళ్ళారో లెక్కపెట్టండి అన్నాను. ఒకడు నేరుగా నాలుగు మళ్ళు వెళ్ళి, పక్కకు తిరిగి మూడు వెళ్ళాడు. ఇంకొకతె మెట్లు దిగినట్టు మలుపులు తిరిగింది. ఇద్దరికీ ఏడే. ఒక పిల్లకి మాత్రం తొమ్మిది వచ్చింది.

"వెనక్కొచ్చావు గదే, అందుకని" అంది పక్కది. ఆ పిల్ల మూతి ముడుచుకుని మళ్ళీ నడిచి ఏడు తెచ్చుకుంది.

తర్వాత మధ్యలో నిలబడి, సందుల వెంబడి నడిస్తే రెండు మళ్ళ దూరం వచ్చే చోటల్లా రాయి పెట్టమన్నాను. రాళ్ళన్నీ కలిపితే మూల మీద నిలబెట్టిన చదరం వచ్చింది. "గుండ్రంగా రావాలి గదా టీచర్?" అన్నారు. చెప్పబోతుంటే గాలి మారింది.

పడమర నల్లబడింది. ఆరిన కాయ తడిస్తే రంగు పోయి బూజు పడుతుంది, ఇక ఎవరూ ముట్టుకోరు. కప్పడానికి అక్కా, ఆమె భర్తా ఇద్దరే. టార్పాలిన్ పట్టలన్నీ ఒక మూల దొంతరగా ఉన్నాయి. బళ్ళోకి పదండని అరిచాను. నా మాట వింటేగా! పిల్లలంతా పట్టలు లాక్కుని ఒకే సందులో దూరి ఇరుక్కున్నారు.

ఇందాక తొమ్మిది తెచ్చుకున్న పిల్ల గొంతెత్తింది. "ఒరేయ్, ఎటు పోయినా ఏడేరా. తలా ఒక దారిన పొండి. వెనక్కి మాత్రం రామాకండి."

విడిపోయారు. ఇద్దరిద్దరు ఒక పట్ట చొప్పున, మడికి అటూ ఇటూ చెరో సందులో నడుస్తూ కప్పుకుంటూ పోయారు. అక్క వెనకే అంచుల మీద రాళ్ళు పెడుతోంది. చినుకు మొదలైంది. డ్రమ్ము దగ్గరి మడి ఒక్కటే మిగిలింది, దాని పట్ట నా చేతిలో ఉంది. సందులు తిరిగే ఓపిక నాకేది? కప్పిన మళ్ళ మీదుగా అడ్డంగా పరిగెత్తాను. పట్టల కింద కాయ పటపటా విరుగుతుంటే వినపడుతూనే ఉంది. ఆగలేదు.

వాన పావుగంట కురిసి పోయింది. కాయ తడవలేదు. అక్క పట్టలు ఎత్తింది. నా అడుగుల మేరా కాయ నుగ్గయి గింజ రాలి ఉంది. పిల్లలు నడిచిన దారి పక్కన ఒక్క కాయ చెదరలేదు. నాకు సిగ్గేసింది. అక్క విరిగిన కాయ చేటలోకి ఏరుకుంటూ, తల ఎత్తకుండానే అంది.

"రేపు కూడా పిల్లల్ని పంపండి టీచర్ గారూ. మీరు రాకపోయినా పర్లేదు."