రెండు పక్కల బెంచీలు

ప్రొద్దుటూరు నుంచి బస్సులో జమ్మలమడుగు దాటి ఒక పల్లె బడికి ఇంగ్లీషు చెప్పడానికి పోయేవాణ్ణి. ఊరు రెండు పార్టీలు. క్లాసులో కూడా కిటికీ పక్క బెంచీలు ఒక పార్టీ పిల్లలవి, గోడ పక్క బెంచీలు ఇంకో పార్టీవి. ఎవరూ చెప్పి కూర్చోబెట్టలేదు, వాళ్లే అట్లా కూర్చునేవాళ్లు.

ఆ ఏడు నా ప్రాణం తీసిన పాఠం ఒకటే. 'ఇన్ ద జీప్' లాంటి మాటల గుంపు వాక్యంలో విశేషణమా, క్రియా విశేషణమా తేల్చాలి. బ్రహ్మవిద్యేం కాదు. ఏ మనిషి అంటే 'జీపులోని మనిషి' అని జవాబొస్తే విశేషణం. ఎక్కడ కూర్చున్నాడంటే 'జీపులో' అని వస్తే క్రియా విశేషణం. జీపు అనగానే ఎవరి జీపు సార్ అన్నారు. తలనొప్పెందుకని జీపులో మనిషిని చెరిపేసి చెట్టు కింద మేకను పెట్టాను. మేకకూ పార్టీ ఉంటుందని నాకేం తెలుసు?

కిటికీ పక్కవాళ్లు విశేషణం అంటే గోడ పక్క మొత్తం క్రియా విశేషణం అనేది. మర్నాడు గోడ పక్కవాళ్లు ముందు నోరు తెరిస్తే కిటికీ పక్కవాళ్లు అడ్డం తిరిగేవాళ్లు. అసలు వాక్యం చదివినవాడెవడు? నేనెంత గొంతు చించుకున్నా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

గోడ పక్క ఒక అమ్మాయి ఉండేది, గొర్రెలు మేపేవాళ్ల ఇంటి పిల్ల. పదో తరగతి పాసైతే ప్రొద్దుటూరు కాలేజీలో చేరుస్తానని తండ్రి మాటిచ్చాడు. ఒకరోజు ఆ పిల్ల లేచి, కిటికీ పక్కవాళ్లు చెప్పిందే రైటని, ఎందుకు రైటో కూడా చెప్పింది. గోడ పక్క తలలన్నీ ఆ పిల్ల వైపు తిరిగాయి. నాకు మాత్రం పోయిన ప్రాణం లేచొచ్చింది.

తెల్లారి పిల్ల రాలేదు, తండ్రి వచ్చాడు. జవాబు రైటే కదప్పా అన్నాను.

"రైటే కావచ్చు సార్. ఆ పక్కోల్లకు వంత పాడిందని ఊరంతా అంటాండారు. మీరు సాయంత్రం బస్సెక్కి పోతారు. మేం ఈడనే బతకాల."

బడికి పంపుతాడట, క్లాసులో మాత్రం నేను ఆ పిల్లను ఏమీ అడగకూడదట. ఒళ్లు మండింది. కాదంటే పిల్ల చదువు ఆగిపోతుంది కాబట్టి ఒప్పుకున్నాను. పరీక్షలదాకా తెలియనివాళ్లనే అడుగుతూ, తెలిసిన పిల్ల వైపు చూడకుండా పాఠం చెప్పాను.

పాసైంది, కాలేజీలో చేరింది. తర్వాత ప్రొద్దుటూరు బస్టాండులో కనబడితే, ఇంగ్లీషు ఎట్లుందమ్మా, తేలికేనా అని అడిగాను. ముందు అటూ ఇటూ చూసింది, దగ్గర్లో ఎవరున్నారో అని. ఆ తర్వాతే "తేలికే సార్" అంది.