బసవయ్య కుడిపాదం

బెడోక్ వైపు వెళ్లే సిటీ రైల్లో బసవయ్య ఎప్పుడూ తలుపు పక్కనే నిలబడతాడు, కుడిపాదాన్ని గోడకు ఆనించి. జపాన్‌లో ఓ ప్రొఫెషనల్ బేస్‌బాల్ జట్టుకు ఏళ్ల తరబడి ఫస్ట్ బేస్ కాసినవాడికి అది పోయే అలవాటు కాదు. ఒక పాదాన్ని నేలమీది తెల్లసంచికి అంటించి ఉంచి, ప్రత్యర్థి పరుగెత్తుకొచ్చేలోపు తోటివాళ్లు విసిరిన బంతిని అందుకోవడమే అక్కడి పని. ఇప్పుడాయన ఇక్కడి కాలేజీ పిల్లల జట్టుకు మేనేజరు. మోకాళ్లు అరిగాయి, అరచేతులు మాత్రం ఇంకా చెక్కల్లాగే ఉన్నాయి.

మొన్న ఆదివారం మ్యాచ్‌లో ఆ జట్టు అమ్మాయి అక్షర ఫస్ట్ బేస్‌కు విసిరిన చివరి బంతి పక్కకు పోయింది, దాంతో మ్యాచూ పోయింది. "బ్యాడ్ త్రో లాహ్, అంకుల్!" అన్నాడు ఇక్కడి యాసలో, ఫస్ట్ బేస్‌లో ఉన్న భరద్వాజ్. అక్షర గ్లవ్ విప్పి కింద పడేసింది. "ఇంక నేను ఆడను."

బసవయ్య లేచాడు. భరద్వాజ్ గ్లవ్ తీసుకుని, కుంటుకుంటూ వెళ్లి బేస్ మీద నిలబడ్డాడు. "అమ్మాయ్, అచ్చం ఇందాకటిలాగే విసురు."

ఆమె కోపంగా విసిరింది. బంతి ఇందాకటికన్నా పక్కకు పోయింది. ఆ మనిషి నిలువెల్లా సాగి, దాన్ని గ్లవ్ కొసన పట్టి, బోర్లా పడ్డాడు. కుడిపాదం మాత్రం సంచిని వదల్లేదు.

భరద్వాజ్ పరుగున వచ్చి, ఆయన్ని లేపడానికి ఒళ్లంతా వంచి చెయ్యి చాపాడు.

"ఇందాక ఇంతే చాపి ఉంటే సరిపోయేదిరా," అన్నాడు బసవయ్య, మట్టిలోంచే నవ్వుతూ.

అవతల అక్షర వంగి గ్లవ్ తీసుకుంది.