బొట్టు పెట్టిన సైరన్

కోడూరు దాటాక ఆటో, ఆటో దిగాక కట్ట మీద నడక. ఎడమ పక్క రొయ్యల చెరువులు, కుడి పక్క మడ అడవి, ఎదురుగా సముద్రం. కార్తీకం మొదలు. బందరు నుంచి దివిసీమ తుఫాను డ్యూటీకి వచ్చిన హోంగార్డును నేను. లాఠీ, రెయిన్‌కోటు, టార్చి, చాప. పోస్టు అంటే ఒక గది, డాబా మీద సైరన్. ఆర్డరు ఒక్కటే: వైర్‌లెస్‌లో కబురు రాగానే సైరన్ మోగించి పల్లెను షెల్టరుకు తోలాలి.

గేటు దగ్గర ఒక రాయి వచ్చి నా కాలి పక్కన పడింది.

"ఇంకొకతి దిగింది, కూత పెట్టడానికి!"

విసిరింది నాగమ్మ, పల్లెలో చేపలు ఎండబెట్టే మనిషి.

సంగతి పోస్టు చూసే ఏఎస్సై గారు చెప్పారు. దసరా తర్వాత నుంచి సైరన్ దానంతటదే మోగుతోంది. మంచు పడితే మొదలు, ఎండెక్కితే ఆగుతుంది. మొదటిసారి పల్లెంతా పిల్లలను చంకనేసుకుని షెల్టరుకు పరిగెత్తింది. ఇప్పుడెవరూ తలుపే తీయడం లేదు.

"నిజంగా తుఫానొస్తే ఇళ్లల్లోనే పోతారమ్మా," అన్నారు.

గుడివాడ నుంచి మెకానిక్ వచ్చాడు. గదిలో ఉన్న సైరన్ పెట్టె మూత తీసి మీటరు పెట్టాడు.

"స్విచ్చి తీగ పీకేశానండి. అయినా కరెంటు చూపిస్తోంది. ఎక్కడో కారుతోంది."

"కారడమేంటి?" అని అడిగాను.

"గట్టుకి ఎండ్రకాయ బొరియ పడితే నీళ్లు పక్క చేలోకి పోవా? అలాగేనండి. బొరియ ఎక్కడో చూడాలి."

కాగితం గొట్టంలా చుట్టి, లోపలి సర్క్యూట్ బోర్డు మీద ఒక్కో చోట నోటి ఆవిరి ఊదాడు. ఒక మూలకి రాగానే టక్కుమంది. పైన సైరన్ అరిచింది. పల్లెలోంచి బూతులు వచ్చాయి. మెకానిక్ భూతద్దం పెట్టాడు. రెండు రాగి గీతల మధ్య ఎర్రటి మరక.

"ఇదేంటి సార్?"

"బొట్టు. ఆయుధపూజకి పెట్టాను. మాకున్న ఆయుధం అదేగా," అన్నారు ఏఎస్సై గారు.

"మూత మీద పెట్టొచ్చుగదండీ?"

"ప్రాణం లోపలుంటే మూతకెందుకయ్యా?"

"కుంకుమంటే పసుపు, సున్నం. పైన ఉప్పు గాలి. తడి తగిలితే కరెంటుకి అదే దారి. తుడిచేస్తాను."

ఏఎస్సై గారు చేయి అడ్డం పెట్టారు. "బొట్టు తుడుస్తావా? రేపు డ్యూటీలో ఎవరికైనా ఏదన్నా అయితే?"

మెకానిక్ బ్రష్షు కింద పెట్టేశాడు. "నాకూ పెళ్లాం పిల్లలున్నారండి."

"నా మొహాన తుడిచినప్పుడు ఎవరూ చెయ్యి అడ్డం పెట్టలేదు సార్," అన్నాను. "ఇలా ఇవ్వండి."

ఆయన చేయి తీసేశారు. స్పిరిట్‌లో బ్రష్షు ముంచి రుద్ది, దూదితో అద్దాను. దూది ఎర్రగా వచ్చింది, తర్వాత పసుపుగా, తర్వాత తెల్లగా. బోర్డు ఎండలో ఆరబెట్టాం. మెకానిక్ పైన వార్నిష్ పూసి, పీకిన తీగ కలిపి, మళ్లీ ఊదాడు. చప్పుడు లేదు.

మర్నాడు గేటు కూడా కనబడనంత మంచు. సైరన్ మోగలేదు. ఆ పై రోజులూ మోగలేదు. మెచ్చుకున్నవాళ్లు లేరు. పంపు దగ్గర నా బిందె పక్కకి నెట్టి నాగమ్మ అంది: "గొంతు పోయిందా మీ దానికి?"

ఒక మధ్యాహ్నం, చుర్రుమనే ఎండలో వైర్‌లెస్ పలికింది. "కంట్రోల్ టు పోస్ట్. మోగించండి. ఓవర్."

మోగించాం. ఒక్క తలుపూ తీయలేదు. నాగమ్మ మాత్రం రాయి పట్టుకుని వచ్చింది.

"ఈసారి నిజం, అక్కా."

"ఎన్నోసారి నిజం?"

చేయెత్తింది. ఆకాశం కేసి చూసింది, తర్వాత సైరన్ కేసి.

"మంచులో నోరు మూసుకుంది. ఎండలో అరుస్తోంది," అని తనలో తను అనుకుంది. గిరుక్కున తిరిగి వీధిలోకి కేకేసింది. "బయటకి రండే! పిల్లల్ని ఎత్తుకోండి!"

ఆ రాత్రి సముద్రం కట్ట దాటింది. ఇళ్లు పోయాయి. ఇళ్లల్లో మనుషులు లేరు.

నీళ్లు తీశాక మమ్మల్ని బందరు పంపేశారు. డ్యూటీ మానేసి చాలా కాలమైంది. షెల్టరు గుమ్మం మాత్రం కళ్ల ముందు నుంచి పోదు. అందరినీ లోపలికి పంపి, ఆఖర్న నాగమ్మ వచ్చింది. చేతిలో రాయి పారేయలేదు. నా కళ్లల్లోకి చూస్తూ, దాన్ని కొంగున ముడేసుకుని లోపలికి వెళ్లింది.