అప్పగింతల్లో నా ఇంగ్లీషు

పెళ్ళికూతురు కారెక్కే క్షణంలో మొత్తం పెళ్ళిని అపశకునం దాకా లాక్కెళ్ళిన ఘనురాలు మా ఊరు దోర్నపాల్ అంతటికీ ఒక్కతే ఉంది. ఈ ముక్కలు రాస్తున్నది ఆవిడే. చదివి నవ్వుకోండి, నాకేం బాధలేదు. ఆ రోజు అందరూ నవ్వడమే కదా అసలు గొడవ!

అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. జగ్దల్‌పూర్‌లో మూడు నెలలు స్పోకెన్ ఇంగ్లీషు నేర్చుకుని, సరిగ్గా మా సుజాతక్క పెళ్ళికి ఇంటికొచ్చాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కొత్త ఇంగ్లీషూ అంతే. నేర్చుకున్నవాటిలో నాకు బాగా నచ్చిన మాట ‘చియర్ అప్’. “దిగులుగా ఉన్నవాళ్ళతో అనాలి. దిగులు వదిలెయ్, మొహం విప్పి నవ్వు అని అర్థం” అని చెప్పి, మాస్టారు బొటనవేలు పైకెత్తి, కనుబొమలు ఎగరేసి, భుజాలు రెండుసార్లు కుదిపి మరీ చూపించారు. ఎవరితో అనాలో చెప్పారు గానీ ఎప్పుడు అనకూడదో చెప్పలేదు. నేనూ అడగలేదు.

మా ఇళ్ళలో అప్పగింతలంటే ఏడుపే. పిల్ల ఎంత గారాబంగా పెరిగిందో వియ్యాలవారికి తెలిసేది ఆ ఏడుపును బట్టే. అందులో మా నానమ్మది అందె వేసిన చెయ్యి. ఆవిడ రాగం ఎత్తుకుంటే రోడ్డు మీద లారీ డ్రైవర్లు కూడా బండి ఆపి ముక్కు చీదుకుంటారు.

మా ఇంటికి ఆనుకునే ఉన్న కిరాణా కొట్టు ముందు పూలు చుట్టిన కారు సిద్ధంగా ఉంది. నానమ్మ అక్క మెడ చుట్టూ చేతులేసి మొదలుపెట్టింది.

“నా బంగారు తల్లీ, భోపాలపట్నం పోతన్నవా! రేపు పొద్దుగాల నాకు చాయ్ ఎవరిస్తరే!”

అమ్మ అందుకుంది. పిన్ని అందుకుంది. ఇంతమంది దుఃఖితులు ఒకేచోట దొరికితే నా చదువు ఊరుకుంటుందా? బొటనవేలెత్తి ముందుకు దూకాను.

“చియర్ అప్, నానమ్మా!”

రాగం మధ్యలో ఆగింది. “ఏందే అది?”

“దిగులుపడకు, నవ్వు అని. ఇంగ్లీషు.”

“అట్లనా? చెయ్యి ఎట్ట పెట్టాలె?”

“ఇట్లా. భుజాలు కూడా ఊపాలి.”

నానమ్మ బోసినోటితో “చియరప్పు!” అని, పూనకం వచ్చినట్టు రెండు భుజాలూ ఊపింది. అక్క కిసుక్కుమంది. పిన్ని పగలబడి నవ్వింది. రెండు నిమిషాల్లో మా గుమ్మం ముందు అందరూ పొట్టలు పట్టుకుని వంగిపోయారు. నేనైతే పతకం గెలిచినంత గర్వంగా నిలబడ్డాను.

కారు తలుపు పట్టుకుని నిలబడ్డ అక్క అత్తగారు మాత్రం నవ్వలేదు.

“ఏంది వదినా ఇది?” అంది అమ్మతో. “పిల్లను పంపేటప్పుడు ఒక్కరి కండ్లల్ల నీళ్ళు లేవు! పీడ పోయిందనుకుంటన్నరా? నవ్వే ఆడదాన్ని నమ్మొద్దంటరు. మీ ఇంట్ల అందరూ నవ్వేటోళ్ళే. పిల్లకేమన్న లోపముంటే ఇప్పుడే చెప్పుండ్రి.”

అక్క మొహం పాలిపోయింది. కొత్త ఇంట్లో ఆమె మొదటి రోజు ఈ మాటతో మొదలవుతుందని తలచుకోగానే నా గర్వమంతా దిగిపోయింది.

“ఏడువుండ్రే!” అమ్మ పళ్ళ బిగువున అంది. అందరూ మొహాలు ముడుచుకున్నారు. కానీ నానమ్మ బొటనవేలు ఇంకా పైకే ఉంది. అది చూసి పిన్ని మళ్ళీ నవ్వడం మొదలుపెట్టింది. ఇక లాభం లేదని బాబాయ్ కొట్లోకి పరిగెత్తి, ఖాళీ మిర్చి బస్తా తెచ్చి మా మధ్య దులిపాడు. కన్నీళ్ళ మాట దేవుడెరుగు, అందరికీ తుమ్ములు మొదలయ్యాయి. బయల్దేరేముందు ఒక్క తుమ్ముకే గుండెలు బాదుకునే ఇల్లు మాది. ఎన్ని తుమ్ములో లెక్కపెట్టే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

అత్తగారు కారు తలుపు ధడాల్న మూసింది. “తుమ్మినంక ఎట్ట పోతం? అందరు కూసోండ్రి. నీళ్ళు తాగుండ్రి.”

అందరం కూర్చున్నాం. అక్క నా పక్కన కొట్టు మెట్టు మీద కూర్చుని, ఊడిపోతున్న నా జడ చేతిలోకి తీసుకుంది.

“రేపటినుంచి ఎవరేస్తరే నీకు జడ? మూడు పాయలు కూడా సరిగ తీసుకోవు గదా,” అంది మెల్లగా.

చియర్ అప్ అందామని నోరు తెరిచాను. ఇంగ్లీషు రాలేదు. తెలుగూ రాలేదు. అక్క ఒళ్ళో తల పెట్టి బావురుమన్నాను. అక్క నన్ను పట్టుకుని ఏడ్చింది, మమ్మల్ని చూసి అమ్మ ఏడ్చింది. నానమ్మ “చాయ్ ఎవరిస్తరే” దగ్గర్నుంచి తన రాగం మళ్ళీ అందుకుంది. రోడ్డు మీద లారీ ఆగింది.

ఎవరో నా గడ్డం పట్టి మొహం పైకెత్తారు. చూస్తే అక్క అత్తగారు. ఆవిడ కళ్ళూ తడిగానే ఉన్నాయి.

“ఇంత ప్రేమ పెట్టుకుని ఆ కోతి ఆటలేందే?” అంటూ కొంగుతో నా ముక్కు తుడిచింది. తర్వాత అటూ ఇటూ చూసి, బొటనవేలెత్తి, కనుబొమలు ఎగరేసి, భుజాలు సరిగ్గా రెండుసార్లు కుదిపింది.

“ఊకో బిడ్డా. చియరప్పు!”

మూడు నెలల్లో నాకు అబ్బని చదువు ఆవిడకు కారు తలుపు దగ్గర నిలబడే అబ్బింది.

అందుకని మా కొట్లో మిర్చి బస్తా సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఏడ్చేవాళ్ళు కనబడితే ముందు ఏడవనిస్తాను. ఇక ఈ బొటనవేలంటారా, అక్క అత్తగారి అనుమతి లేకుండా ఈ జన్మలో పైకెత్తను.