ఊదిన నీటికి తేదీ

కోకందు పట్టణంలో మా పేట స్త్రీలకు ఖురాను నేర్పే ఖుమోరబీబీని అందరూ ఆతిన్ అమ్మ అనేవారు. గురువమ్మ అని ఆ మాటకు అర్థం. శుక్రవారం పాఠం ముగియగానే రోగుల ఇళ్లవారు నీళ్ల సీసాలను ఆమె ముందు పెట్టి మూతలు తీసేవారు. మూత ఉంటే దైవవాక్యం లోపలికి పోదని మా పేటవారి నమ్మకం. ఆమె వచనాలు చదివి, ఒక్కొక్క సీసాలోకి మెల్లగా ఊదేది. రోగం తగ్గాలని ఆ నీళ్లు రోగికి తాగించేవారు.

“నీళ్లు మా తమ్ముడి కొట్లోనే కొనండమ్మా, శుభ్రంగా ఉంటాయి” అనేది. తల్లి పోయాక తన చేతులమీద పెరిగిన సోబిత్ అంటే ఆమెకు అంత గురి.

ఆ వేసవిలో ఒక శుక్రవారం, ఊదడానికి వంగిన ఆమెకు సీసాలోంచి పెట్రోలు వాసన కొట్టింది. అది తెచ్చిన నొజీమా ఒళ్లో జ్వరపు బిడ్డ ఉన్నాడు.

“పోయినవారం నీళ్లూ ఇంతేనమ్మా. వీడు మొహం తిప్పేసుకుంటున్నాడు. దిష్టి ముదిరిందేమో అనుకున్నా” అంది నొజీమా.

ఖుమోరబీబీ సీసాను తిప్పి చూసింది. తేదీ ఉండవలసిన చోట ఎవరో తుడిచిన మరక ఉంది. సీసా పట్టుకొని నేరుగా పక్కనున్న తమ్ముడి కొట్టుకు వెళ్లింది.

సోబిత్ తడబడలేదు. “నీళ్లు చెడేవి కావక్కా! ఆ తేదీ నీళ్లకి కాదు, సీసాకి. ఎండలో పడుంటే ప్లాస్టిక్కు నీళ్లలోకి దిగుతుందంట. పక్కన పెట్రోలుంటే ఆ వాసనా లాగేస్తుంది. కంపెనీ బండివాడు ఎప్పుడో చెప్పాడు.”

“అయితే నీకు తెలుసన్నమాట.”

కొట్టు వెనుక రేకుల పాకలో, పెట్రోలు డబ్బాల నడుమ, సీసాల పెట్టెలు ఉడుకుతున్నాయి.

“తెలిసే తుడిచావు. జనానికి ఏం చెప్పావురా?”

“‘మా అక్క ఊదాక తేదీతో పనేంటి’ అని చెప్పాను. అబద్ధమా? నీ ఊపిరి మీద నీకే నమ్మకం లేదా అక్కా?”

తెలియక చేసి ఉంటే ఆమె కడుపులో దాచుకొనేదే. కాని తాను నిష్ఠతో పలికిన పవిత్రవాక్యంతోనే అతడు తన మోసాన్ని కప్పిపుచ్చాడు.

మరుసటి శుక్రవారం ఆమె స్త్రీలందరి ఎదుట, “ఈ సీసాల్లో ఊదను. ఇంట్లో కాచి చల్లార్చిన నీళ్లు తెండి. వీటి మీది తేదీలు తుడిచి మా తమ్ముడు మోసం చేశాడు, నా మాట విని మీరు కొన్నారు” అంది.

“తోడబుట్టినవాణ్ణి బజారుకీడుస్తావా తల్లీ?” అని ముసలి బువీనిసా కసిరింది. “దేవుడి మాట కంటే సీసా మీది అంకెలు ఎక్కువయ్యాయా నీకు?”

స్త్రీలు మూతలు బిగించుకొని లేచారు. నొజీమా ఒక్కతే తన సీసాను కాలువలో ఒంపి, తల వంచుకొని వెళ్లిపోయింది.

ఆ తరువాతి శుక్రవారం ఆమె ఇంటికి ఎవరూ రాలేదు. గోడ అవతల, కొట్టు ముంగిట, సోబిత్ ఎక్కడినుంచో పిలిపించిన పడుచు పారాయణకారుడు మూతలు తీసిన సీసాల ముందు చదువుతున్నాడు. ఖుమోరబీబీ పెరట్లో నిలబడి విన్నది. గొంతు మధురంగా ఉంది. ఒక్క అక్షరమూ తప్పలేదు. ఒక్కటైనా తప్పితే బాగుండునని ఆమెకు అనిపించింది. అనిపించినందుకు అక్కడే మోకరిల్లి దైవాన్ని క్షమాపణ వేడుకొంది.